లక్ష్యేతర శిశువులు

వీరవేణి చేసిన నేరం ఏమిటంటే, ఉన్న పిల్లల కంటే ముగ్గురికి ఎక్కువగా టీకాలు వేసింది.

ఈ నేరాన్ని కనిపెట్టింది మనిషి కాదు. జిల్లా కేంద్రంలో కొత్తగా రంగులు వేసిన ఒక ఏసీ గదిలో, గోడ నిండా పరిచిన తెర కనిపెట్టింది. జిల్లాలోని ఆరోగ్య ఉపకేంద్రాలన్నీ ఆ తెర మీద రంగు ముక్కలుగా ఉంటాయి. పిల్లలకు టీకాలు పడని చోటు ఎరుపు, పడీ పడనట్టున్న చోటు పసుపు, దాదాపు అందరికీ పడిన చోటు ఆకుపచ్చ. జనవరి నెలలో ఒకనాటి ఉదయం గరువులంక ఉపకేంద్రం మాత్రం ఊదారంగులోకి తిరిగి మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. ఊదా అంటే ఏమిటో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీకి ఫోను చేస్తే, అది నూటికి మించిన వాళ్ల కోసం పెట్టిన రంగనీ, ఎవరికీ దాని అవసరం పడదనుకున్నామనీ చెప్పి వాళ్లే ఆశ్చర్యపోయారు.

గరువులంకలో ఆ ఏడాది తట్టు టీకా వేయాల్సిన పిల్లలు తొంభైమంది. తొంభై ఎలా వచ్చిందంటే, ఎప్పటిదో జనాభాను ఒక అంకెతో గుణించి ఇంకో అంకెతో భాగిస్తే వచ్చింది. ఎవరూ ఊయలలు లెక్కపెట్టలేదు. వీరవేణికి ఈ గుణకారం సంగతి తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఊరి నర్సమ్మ ఆమే. తొమ్మిది నెలలు నిండిన బిడ్డ కనబడితే భుజం పట్టుకుని సూది వేసెయ్యడమే ఆమెకు తెలిసిన విద్య. అలా వేసుకుంటూ పోతే మార్చి నెలాఖరుకు ఇంకా రెండు నెలలుండగానే తొంభైమూడయ్యాయి. 

"అంచనాకు మించి టీకాలు వేయుటకు గల కారణములను వ్యక్తిగతముగా హాజరై తెలుపవలెను" అని మెమో వచ్చింది. వీరవేణి ఉతికిన చీర కట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లింది.

పిలిపించినాయన పేరు హయగ్రీవరావు. హోదా జిల్లా టీకా దత్తాంశ సంతృప్త స్థాయి పర్యవేక్షణ ప్రత్యేకాధికారి. ఒక బోర్డులో పట్టక ఆ హోదాను రెండు బోర్డుల మీద రాయించారు. తలుపు తెరిచి ఉంటే సగమే కనిపించేది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆకుపచ్చ రంగంటే పంచప్రాణాలు, అంతే. పొద్దున్నే వచ్చి తెర ముందు నిలబడి, నిన్న పసుపుగా ఉన్నది ఇవాళ ఆకుపచ్చగా కనబడితే కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

"ముగ్గురు శిశువులు ఎక్కడి నుంచి వచ్చారు?" అన్నాడాయన.

"కడుపులోంచే వచ్చారండి."

"నేను పరిపాలనాపరంగా అడుగుతున్నాను."

"పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లలండి ఆ తల్లులు. తొలికాన్పు పుట్టింట్లోనే కదండీ మనకి. ఏడో నెల్లో తీసుకొస్తారు. బిడ్డకి మూడో నెలో అయిదో నెలో రాగానే చలిమిడి పెట్టి పంపుతారు. ఏదో అడ్డం వచ్చి కొందరు తొమ్మిది నెలలదాకా ఉండిపోతారండి. వాళ్లు అత్తారింటి లెక్క, సూది మా ఊరి లెక్క. అందుకే మూడు ఎక్కువొచ్చినట్టుందండి."

హయగ్రీవరావు కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ వైపు తిరిగాడు. "పుట్టిల్లు ఉందా?"

ఆపరేటర్ కిందికీ పైకీ వెతికాడు. "శాశ్వత చిరునామా ఉంది సార్. తాత్కాలిక చిరునామా ఉంది. సంచార జాతులు ఉంది. ఇటుకబట్టీ ఉంది. పుట్టిల్లు లేదు సార్."

"విన్నారుగా. పుట్టిల్లు అనే అంశం వ్యవస్థలో లేదు."

"వ్యవస్థలో లేకపోయినా ఊళ్లో ఉందండి."

"చూడమ్మా, మా అమ్మాయి కూడా ప్రస్తుతం పురిటికి మా ఇంటికే వచ్చి ఉంది. అయినా ఆ సంగతిని నేను ఆఫీసులోకి తీసుకొచ్చానా? వ్యక్తిగత విషయాలు వేరు, దత్తాంశం వేరు" అని ఆయన ఆమెకు నచ్చజెప్పాడు. తర్వాత చాలాసేపు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టాడు. గరువులంకలో ముగ్గురు మిగులు, పక్కనెక్కడో ముగ్గురు లోటు. మిగులు శిశువులను లోటు ప్రాంతాలకు సర్దుబాటు చేస్తే సరిపోతుంది. ఆపరేటర్ మూడుసార్లు మీట నొక్కాడు. గరువులంకలో ముగ్గురు పిల్లలు ఊయలల్లో నిద్రపోతూనే ఎన్నడూ చూడని మండలాలకు బదిలీ అయిపోయారు. తెర మీద ఊదా పోయి నిండు ఆకుపచ్చ పరుచుకుంది. తొంభైకి తొంభై, నూటికి నూరు. హయగ్రీవరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"జిల్లాలో ప్రప్రథమ నూరుశాతం సంతృప్త గ్రామం! ఇక ఈ నూరును కంటికి రెప్పలా కాపాడుకోవడమే మన తక్షణ కర్తవ్యం" అన్నాడాయన గద్గదస్వరంతో. వీరవేణికి ఏం అర్థం కాకపోయినా మెమో తప్పింది కదా అని దండం పెట్టి బస్సెక్కింది.

ఆ నూరు మహిమ ఆమెకు మరుసటి బుధవారం తెలిసివచ్చింది. బుధవారం టీకాల రోజు. పొద్దున్నే నీలం రంగు టీకా డబ్బా వచ్చింది. తెరిస్తే మిగతా మందులన్నీ ఉన్నాయి, నాలుగు ఐసు ప్యాకులూ ఉన్నాయి, తట్టు టీకా ఒక్కటీ లేదు. ఆ స్థానంలో బంగారు రంగు అంచున్న అభినందన పత్రం ఉంది. "నూరుశాతం సాధించిన ప్రాంతమునందు టీకా వేయించుకొనవలసిన శిశువులు ఉండరు కావున, తట్టు టీకా సరఫరా నిలిపివేసి ఎరుపు ప్రాంతములకు మళ్లించడమైనది" అని అందులో ఉంది. పత్రం మాత్రం చల్లగా ఉంది.

ఉండకూడని శిశువులు అప్పటికే ఉపకేంద్రం అరుగు మీద తల్లుల ఒళ్లలో కూర్చుని ఉన్నారు. మొత్తం ఎనిమిదిమంది. అందరికీ ఆ నెలలోనే తొమ్మిది నెలలు నిండాయి. వరసలో మొదటిది యోషిత. చేపలమ్మే నూకరత్నం మనవరాలు. కూతురు అనంతలక్ష్మి పురిటికి వచ్చి, అత్తారింట్లో ఇల్లు కడుతున్నారని, స్లాబు పడేదాకా దుమ్ములోకి పిల్లను తేవద్దన్నారని, ఇక్కడే ఉండిపోయింది. ఆ స్లాబు ఎంతకీ పడటం లేదు.

"ఏం వీరేణమ్మా, మా పిల్లకి సూదేత్తావా ఏయవా?" అంది నూకరత్నం. "కాలవ అవతల మొండిపాడులో తట్టు తిరుగుతుందంట. ఇద్దరు పిల్లల్ని పెద్దాసుపత్రిలో పడేశారంట. మా చుట్టాలావిడ ఇందాకే సెప్పింది."

తట్టు అంటే ఏమిటో వీరవేణికి పుస్తకం చదివి తెలిసింది కాదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే తట్టు తగ్గిన ఒక పిల్లవాడికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఆసుపత్రికి వెళ్లే జీపులో ఆమె ఒళ్లోనే పోయాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆమె చేతి కింద ఏ బిడ్డా తట్టుతో పోలేదు. ఆమెకు ఉన్న గర్వమల్లా అదొక్కటే.

గబగబా ఫోను తీసి యాప్‌లో యోషిత పేరు కొట్టింది. తెర మీద ఆకాశం నుంచి పువ్వులు రాలాయి. "అభినందనలు! మీ లక్ష్యం పూర్తయినది. ఇక పిల్లలు లేరు" అని వచ్చింది. లేని పిల్ల చెయ్యి చాపి ఆ పువ్వులను పట్టుకోబోయింది.

హయగ్రీవరావుకు ఫోను చేసింది. ఎనిమిదిమంది పిల్లలు ఉన్నారని ఆమె అంటే, అలా ఉండడానికి వీల్లేదని ఆయన అన్నాడు. కళ్లెదురుగా కూర్చున్నారండీ అంటే వాళ్లకో వర్గం వెతికాడు.

"అలాగైతే వారు లక్ష్యేతర శిశువులు. లక్ష్యానికి వెలుపల సంభవించిన వారన్నమాట. ఏప్రిల్‌లో నూతన లక్ష్యం వస్తుంది. అంతవరకు వారిని నిరీక్షణలో ఉంచండి."

"మొండిపాడులో తట్టు ఉందండి. దాన్ని కూడా ఏప్రిల్ దాకా నిరీక్షణలో ఉండమని చెప్పమంటారా?"

"అది సాంక్రమిక వ్యాధుల విభాగం పరిధిలోనిది. యాప్‌లో వారికి హెచ్చరిక పంపండి."

ఆమె హెచ్చరిక పంపబోయింది. "మీ ప్రాంతం నూరుశాతం రక్షితం. ఇక్కడ తట్టు వచ్చే అవకాశం లేదు. దయచేసి వేరొక వ్యాధిని ఎంచుకోండి" అని జవాబొచ్చింది. కింద ఇచ్చిన జాబితాలో మొదటిది పాముకాటు.

పోనీ అని సైకిలెక్కి మొండిపాడు నర్సు దగ్గరికి వెళ్లి ఎనిమిది మోతాదులు చేబదులు అడిగింది. పాపం ఆవిడ ఇద్దామనే చూసింది. కానీ టీకా పెట్టెకు ఇప్పుడు యాప్ తాళం. లిస్టులో ఉన్న పిల్ల పేరు కొడితేనే తెరుచుకుంటుంది. "మీ పిల్లలు మా లిస్టులో లేరక్కా. సుత్తితో కొట్టినా తెరుచుకోదు, కొట్టి చూశాను" అందావిడ, సొట్టపడిన మూత చూపిస్తూ.

ఈలోగా హయగ్రీవరావుకు నిద్ర కరువైంది. గరువులంక చుట్టూ కాలవ. ఊళ్లోకి రావాలంటే ఒకటే వంతెన. ఆ వంతెన మీదుగా ఏ ఆడపిల్లయినా టీకా పడని బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చిందంటే, తొంభై ఒకటిలో తొంభై. నూరు కాస్తా తొంభైతొమ్మిదికి దిగజారుతుంది. ఆయన వెంటనే ఏడు పేజీల సర్క్యులర్ జారీ చేశాడు. దాని ప్రకారం వంతెన మీద శిశు సమతుల్యతా తనిఖీ కేంద్రం వెలిసింది. ఒక శిశువు ఊళ్లోకి రావాలంటే ఒక శిశువు బయటికి పోవాలి. గర్భిణిని అర శిశువుగా పరిగణించాలి.

తనిఖీ కేంద్రానికి బుల్లిరాజు అనే గుమాస్తాను వేశారు. అతను అంతవరకు పశుగణనలో పనిచేసేవాడు. కొత్త ఫారాలు అచ్చయి రాలేదని పాత ఫారాల మీదే రాసుకోమన్నారు. నిజాయితీపరుడు కావడంతో బుల్లిరాజు ఏ గడినీ ఖాళీగా వదిలేవాడు కాదు. ప్రతి బిడ్డనూ ఎత్తుకుని వెలుతురులోకి తిప్పి చూసి, "కొమ్ములు: లేవు" అని రాసుకునేవాడు.

మొదటివారంలోనే వంతెన మీద తిరునాళ్లు మొదలైంది. ఒక అరకు ఇంకో అర తోడైతే గానీ ఒకటి కాదు కాబట్టి, ఏడో నెల కడుపుతో వచ్చిన ఆడపిల్ల ఇంకో ఏడో నెల ఆడపిల్ల వచ్చేదాకా వంతెన మీద కుర్చీలో కూర్చోవాలి. మూడోనాడు ఒకామె కవలల స్కానింగు రిపోర్టు తెచ్చి, "నేను ఒక్కదాన్నే నిండు ఒకటి" అని దబాయించి లోపలికి పోయింది. ఆమె వెనక నాలుగు గంటలుగా కూర్చున్న అర శిశువు తల్లి ఏడుపు లంకించుకుంది.

అసలు చిక్కు ముహూర్తాల దగ్గర వచ్చింది. వెళ్లే బిడ్డ వర్జ్యం రాకముందే గడప దాటాలంటారు. వచ్చే బిడ్డ వర్జ్యం పోయాక గానీ అడుగు పెట్టదంటారు. ఇద్దరూ ఒకేసారి దాటకపోతే తెర మీద నూరు చెడుతుంది. ఒకరోజు అటు చలిమిడి బిందెతో ఒక బలగం, ఇటు ఉయ్యాల మంచంతో ఒక బలగం, నడిమధ్యన బుల్లిరాజు.

"మా పిల్ల పదీ ఇరవైకి దాటాలండీ! తర్వాత వర్జ్యం!"

"మాది పన్నెండుకండీ! అంతకుముందు కాలు పెట్టం!"

"ఇద్దరూ పదకొండూ పదికి దాటెయ్యండి" అన్నాడు బుల్లిరాజు, సగటు కట్టి. రెండు బలగాలూ కలిసి అతని మీదికి వచ్చాయి. ఆ పోట్లాటలో చలిమిడి ముద్దొకటి ఫారాల మీద పడి పదకొండుమంది శిశువుల వివరాలు అతుక్కుపోయాయి.

ఈ నివేదిక చూసి హయగ్రీవరావు ఏమీ చలించలేదు. "వర్జ్య, దుర్ముహూర్త, రాహుకాలాదులను దత్తాంశ వ్యవస్థతో అనుసంధానించుటకు" ఒక శాస్త్రిగారిని ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో నియమించాడు. శాస్త్రిగారు పంచాంగం పట్టుకుని బుల్లిరాజు పక్కన కుర్చీ వేసుకున్నారు. మెడలో గుర్తింపు కార్డు వేలాడదీశారు. అందులో హోదా "సమయ విశ్లేషకుడు" అని ఉంది.

ఊరంతా నవ్వుకుంటోంది. వీరవేణికి మాత్రం నవ్వు రావడం లేదు. మొండిపాడులో తట్టు పిల్లలు తొమ్మిదిమందయ్యారు. ఆమె రోజూ పొద్దున్నే ఎనిమిది ఇళ్లకూ వెళ్లి ఎనిమిది ఒళ్లూ తడిమి చూస్తోంది. యోషిత కళ్లు కాస్త ఎర్రబడితే ఆ రోజంతా అన్నం సయించలేదు. తీరా చూస్తే నూకరత్నం పెట్టిన కాటుక కంట్లో పడింది.

చివరికి ఆమె వంతెన మీదికి వచ్చి, బుల్లిరాజు దగ్గరున్న ఆ ఏడు పేజీల సర్క్యులర్ అడిగి తీసుకుని, బల్ల మీద పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివింది. బహుశా రాసినాయన తర్వాత దాన్ని పూర్తిగా చదివింది ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆరో పేజీలో, చిన్న అక్షరాల్లో, ఒక సడలింపు కనిపించింది. వైద్య పరీక్షల నిమిత్తం ఊరి బయటికి వెళ్లి తిరిగివచ్చు శిశువులను ఆపరాదు. ఆగమనం నమోదు మాత్రం చేయవలెను.

"బుల్లిరాజుగారూ, మీరు మీ ఫోనులో ఆ మీట నొక్కితే ఏమవుద్దండి?"

"ఆగమనమండి. నొక్కగానే జిల్లా తెర మీద ఒక శిశువు పెరుగుద్దండి. టీకా పడని శిశువు కింద."

"వంతెన మీద బయటికి పోతే?"

"నిర్గమనం నొక్కాలండి. ఒకటి తగ్గుద్ది."

"పడవ మీద బయటికి పోతే?"

బుల్లిరాజు సర్క్యులర్ తిరగేశాడు. ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చూశాడు. "పడవ మాట లేదండి ఇందులో" అన్నాడు, చాలా గౌరవంగా.

వీరవేణి వేళ్ల మీద లెక్క కట్టింది. తొంభై శాతానికి దిగితే పసుపు. పసుపైతే జిల్లా నుంచి ఉత్తరం వస్తుంది. అరవైకి దిగితే ఎరుపు. ఎరుపైతే సత్వర స్పందన వాహనం గంటలో టీకాలతో వచ్చి తీరాలని హయగ్రీవరావే ఆ సర్క్యులర్‌లో రాసుకున్నాడు. అంటే ఊరు బాగుపడాలంటే ముందు పూర్తిగా చెడిపోవాలి. అరవైకి దిగాలంటే ఎనిమిదిమంది చాలరు. అరవైమందికి పైగా కావాలి. ఎనిమిదిమంది ఎనిమిదిసార్లు వస్తే అరవై నాలుగు.

"వైద్య పరీక్ష ఎన్నిసార్లు చేయించుకోవచ్చో ఏమైనా రాశారాండీ ఇందులో?" అని అడిగింది.

"లేదండి. రూలుకి నేనెప్పుడూ అడ్డం రానండి" అన్నాడు బుల్లిరాజు, ఫోనుకు చార్జింగు పెట్టుకుంటూ.

శుక్రవారంనాడు నూరుశాతం సంతృప్త గ్రామ ప్రకటనోత్సవం. వంతెనకు కొంచెం ఇవతల షామియానా వేశారు. జిల్లా ఆఫీసు తెరకు పిల్లతెర ఒకటి తెచ్చి వేదిక మీద నిలబెట్టారు. గరువులంక దాని మీద నిండు ఆకుపచ్చగా, పక్కన నూరు అంకెతో వెలిగిపోతోంది. హయగ్రీవరావు తెరకు వీపు పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. రెండు గంటల ఉపన్యాసం. అందులో మొదటి అరగంట ఆకుపచ్చ రంగు విశిష్టత.

సరిగ్గా అప్పుడే ఎనిమిదిమంది తల్లులూ ఎనిమిదిమంది పిల్లల్ని ఎత్తుకుని కాలవ రేవులో పడవెక్కారు. అవతలి ఒడ్డున చింతచెట్టు కింద వీరవేణి కాటా కట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క బిడ్డనూ తూచి, గుండె వినీ, నాలుక చూసీ, "పరీక్ష అయింది, పదండి" అంది. తల్లులు వంతెన మీదుగా ఊళ్లోకి వచ్చారు. బుల్లిరాజు ఎనిమిదిసార్లు మీట నొక్కాడు. ఎనిమిదిసార్లు "కొమ్ములు: లేవు" అని రాసుకున్నాడు. తల్లులు రేవులోకి దిగి మళ్లీ పడవెక్కారు.

షామియానాలో నూరు తొంభై ఒకటైంది. "ఈ నూరు మన సమష్టి కృషికి నిలువెత్తు నిదర్శనం" అన్నాడు హయగ్రీవరావు. రెండో విడతకు ఎనభై నాలుగై, ఊరు పసుపు తిరిగింది. జనం ఒకరినొకరు పొడుచుకున్నారు. మూడో విడత, నాలుగో విడత. అంకె దిగినప్పుడల్లా వెనక వరస నుంచి ఎవడో ఈల వేస్తున్నాడు. అది తన మాటలకేననుకుని హయగ్రీవరావు చెయ్యెత్తి వారిస్తున్నాడు.

అవతల పడవలో మహోత్సాహంగా ఉంది. మొదట భయపడిన తల్లులు అయిదో విడతకల్లా పాటలందుకున్నారు. పిల్లలకు ఈ షికారు మహా నచ్చింది. పడవ ఒడ్డు తగిలి ఆగితే ఏడుపు, కదిలితే నవ్వు. నూకరత్నం మనవరాల్ని భుజాన వేసుకుని, కూతురు మోయలేకపోతే తానే మోస్తూ, "ఇది ఎన్నో పిల్లే?" అని కేకేస్తే, "నలభయ్యో పిల్లత్తా!" అని పడవంతా జవాబిచ్చింది.

ఏడో విడత దాటాక అంకె అరవై ఒకటి దగ్గర ఉండగా శాస్త్రిగారు పంచాంగంలోంచి తలెత్తారు. "వర్జ్యం ప్రవేశించిందమ్మా. గంటా ముప్పావు రాకపోకలు ఆపాలి. నా ఉద్యోగమే అది" అన్నారు.

తల్లులు వంతెన మొదట్లో నిలబడిపోయారు. ఉపన్యాసం ఇంకా పావుగంటే ఉంది. ఆయన వెనక్కి తిరిగితే కథ ముగిసిపోతుంది. వీరవేణి చింతచెట్టు కింద నుంచి లేచి వచ్చింది. యోషితను తెచ్చి శాస్త్రిగారి చేతుల్లో పెట్టింది. యోషిత ఆయన జంధ్యం పట్టుకుని గట్టిగా లాగింది. ఆయన పిల్ల మొహంలోకి చూశారు, కాలవ అవతల మొండిపాడు వైపు చూశారు.

"వైద్యం పనిమీద వచ్చేవాళ్లకి వర్జ్యం పట్టింపు లేదని రాసుకుంటాలెండి" అని, పిల్లను తానే ఎత్తుకుని వంతెన దాటించారు.

వెనకే మిగతా ఏడుగురూ దాటారు. అరవై నాలుగో శిశువు ఊళ్లోకి అడుగుపెట్టింది. యాభై ఎనిమిది. తెర భగ్గున ఎర్రబడి కూత పెట్టింది.

హయగ్రీవరావు వెనక్కి తిరిగాడు. చేతిలో కాగితాలు జారిపోయాయి. "ఎరుపు!" అన్నాడు, పామును చూసినవాడిలా. "రెండు గంటల క్రితం నూరు! ఇంత మంది శిశువులు రెండు గంటల్లో ఎలా పుట్టారు?"

"పుట్టలేదండి, వచ్చారు" అన్నాడు బుల్లిరాజు, ఫారాల కట్ట ఎత్తి చూపిస్తూ.

ఎరుపైన చోట ఏం చేయాలో ఆయన రాసిన నిబంధనల్లోనే ఉంది. తప్పించుకునే దారి లేదు. యాభై నిమిషాల్లో సత్వర స్పందన వాహనం సైరన్‌తో, ముందొక పోలీసు జీపుతో దిగింది. ఊరు ఎరుపులో ఉంది కాబట్టి టీకా పెట్టె తాళం కిమ్మనకుండా తెరుచుకుంది. సన్మానానికి వేసిన బల్ల మీదే గుడ్డ పరిచి వీరవేణి చేతులు కడుక్కుంది. యోషిత కుడి భుజానికి సూది వేసింది. పిల్ల ఊరంతా వినబడేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని వీరవేణికి కళ్లనీళ్లు తిరిగాయి. మిగతా ఏడుగురికీ వేసేసరికి షామియానా అదిరిపోయింది.

"తరువాతి వారిని పంపండి" అన్నాడు హయగ్రీవరావు.

"అయిపోయిందండి."

"అయిపోవడమేమిటి? వచ్చినవారు అరవై నలుగురు. వేసినది ఎనిమిదిమందికి. తక్కిన యాభై ఆరుగురు శిశువులేరి?"

ఆయన ఎంత చెప్పినా వినలేదు. పోలీసుల్ని షామియానా కింద వెతికించాడు, గడ్డివాముల వెనక వెతికించాడు, పడవవాణ్ణి నిలదీశాడు. చీకటి పడేవరకు ఊళ్లో యాభై ఆరుగురు చంటిపిల్లల కోసం గాలింపు జరిగింది. దొరికినవాళ్లందరూ అవే ఎనిమిదిమంది.

మూడు వారాలకు తట్టు వంతెన దాటనే దాటింది. ఏ సర్క్యులరూ దాన్ని ఆపలేదు. మొండిపాడు పెళ్లికి వెళ్లొచ్చిన ఇద్దరు పెద్ద పిల్లలకు వచ్చి, పదిరోజులుండి తగ్గిపోయింది. చంటిపిల్లల్లో ఒక్కరికీ సోకలేదు. ఆ తర్వాత వారం వీరవేణికి మెమో వచ్చింది.

"గరువులంక ఉపకేంద్రమునందు ఆగమన శిశువులు 64, టీకా పొందినవారు 8, అనగా పన్నెండున్నర శాతము. ఇది రాష్ట్రములోనే అత్యల్పము. ఇంతటి అత్యల్ప శాతము గల ప్రాంతమున శిశువులెవ్వరికీ తట్టు సోకకపోవుట దత్తాంశమునకు విరుద్ధము. ఇట్లు సోకకపోవుటకు బాధ్యులెవరో, అలాగే గల్లంతైన 56 మంది శిశువుల ప్రస్తుత స్థితి ఏమో, తిరుగు టపాలో తెలుపవలెను. లేనిచో తమరిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

వీరవేణి అది రెండుసార్లు చదివింది. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి పొట్ట పట్టుకుని నవ్వింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఈ కాగితంతో పోయినా పోవచ్చని తెలుసు. అయినా వెరవకుండా కలం తీసి, తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో జవాబు రాసింది.

"అయ్యా, తట్టు సోకకపోవడానికి బాధ్యురాలిని నేనే. తమరు వెతికిస్తున్న యాభై ఆరుగురూ క్షేమంగా ఉన్నారు. అందరికీ టీకా పడింది. నిన్న సాయంత్రం స్వయంగా ఇంటింటికీ వెళ్లి చూసి వచ్చాను. ఏడుగురు పాకుతున్నారు. యోషిత అనే పిల్ల ఏదీ పట్టుకోకుండా నిలబడింది."